ముందు అమ్మేసి తర్వాత బాగుచేయడం: గేములు బగ్గులతోనే ఎందుకొస్తున్నాయి?

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా పిన్ని కొడుకు హనుమకొండలో తన పాత పీఎస్4లో (టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషిన్, అంటే కన్సోల్) కొత్త డిస్క్ పెట్టాడు. పండగలకీ పుట్టినరోజులకీ చేతికొచ్చిన డబ్బులు దాచుకుని కొన్న ఆట. డిస్క్ పెట్టగానే అప్‌డేట్ చేసుకోమని వచ్చింది, సైజు 34 జీబీ. ఇంట్లో వైఫై లేదు, ఉన్నదల్లా ఫోన్ హాట్‌స్పాట్, రోజుకి 2 జీబీ ప్యాక్. అంటే ఫోన్‌లో ఇంకేమీ చూడకుండా కూర్చున్నా పదిహేడు రోజులు పడుతుంది. అంత ఓపిక ఎవరికుంటుంది, అప్‌డేట్ వద్దని నొక్కి ఆడటం మొదలెట్టాడు. మూడో రోజు సాయంత్రం ఒక మిషన్‌లో, అంటే ఆటలో పూర్తిచేయాల్సిన ఒక ఘట్టంలో, తలుపు తెరుచుకోలేదు. తెరుచుకోవాల్సిన తలుపే, బాణం గుర్తు కూడా దాన్నే చూపిస్తోంది. అరగంట తంటాలుపడి నాకు ఫోన్ చేశాడు. మొదటి మాట, "అన్నా, నేనేమైనా తప్పు నొక్కానా?"

వాడేమీ తప్పు నొక్కలేదు. ఆ తలుపు సంగతి కంపెనీకి తెలుసు, సరిచేశారు కూడా, కాకపోతే ఆ సవరణ వాడు డౌన్‌లోడ్ చేసుకోలేకపోయిన 34 జీబీలో ఉంది.

గేమ్‌ని లోపాలతోనే మార్కెట్లోకి వదిలి తర్వాత సరిచేయడం న్యాయమేనా అనే గొడవ ప్రతి పెద్ద రిలీజ్ తర్వాతా లేస్తుంది. రెండు వైపుల వాళ్లూ గట్టిగానే వాదిస్తారు గానీ చాలాసార్లు ఒకరు ఒక రకం బగ్ గురించి, ఇంకొకరు ఇంకో రకం బగ్ గురించి మాట్లాడుతుంటారు. అందుకే మొదట్నుంచీ విడదీసి చూద్దాం.

బగ్గులన్నీ ఒకటి కాదు

బగ్ అంటే ప్రోగ్రామ్ రాసినవాళ్లు అనుకున్నది ఒకటైతే స్క్రీన్ మీద జరిగేది ఇంకొకటి కావడం. ప్యాచ్ అంటే ఆ తప్పున్న భాగాన్ని మార్చడానికి తర్వాత పంపే ఫైలు. ఇక్కడిదాకా గొడవేం లేదు. కానీ హీరో జుట్టు గోడలోంచి బయటికి కనబడటమూ బగ్గే, నలభై గంటలు ఆడింది దాచుకున్న సేవ్ ఫైలు తెరుచుకోకపోవడమూ బగ్గే. రెండింటినీ ఒకే మాటతో పిలవడం వల్లే సగం గందరగోళం.

గేములు తయారుచేసే స్టూడియోల్లో వీటిని తీవ్రతని బట్టి వేరుచేస్తారు. ఆట మొత్తం ఆగిపోయేవి (క్రాష్), ముందుకెళ్లే దారి మూసేసేవి (మావాడి తలుపు లాంటివి), సేవ్ చేసుకున్నది పోగొట్టేవి ఒక వైపు. చూడ్డానికి వికారంగా ఉన్నా ఆటకి అడ్డురానివి ఇంకో వైపు. రెండో రకంలో కొన్నింటిని "ఉన్నాయని తెలుసు, అయినా ఇలాగే వదలొచ్చు" అని లిస్టులో గుర్తు పెట్టుకుంటారు. ఇంగ్లీషులో వీటికి నోన్ షిప్పబుల్ అని పేరే ఉంది. అంటే ఏ పెద్ద గేమూ బగ్గులేవీ లేవని తేల్చుకున్నాక బయటికి రాదు, ఏవి ఉన్నా ఫర్వాలేదో తేల్చుకున్నాక వస్తుంది.

ఇంకో రెండు మాటలు తెలియాలి. గేమ్ "గోల్డ్" అయ్యిందంటే డిస్కుల మీద అచ్చుకి పంపే కాపీ సిద్ధమైందని. డిస్కులు తయారై షాపులకి చేరడానికి వారాలు పడుతుంది, ఆ వారాల్లో టీమ్ ఖాళీగా కూర్చోదు, దొరికినవి సరిచేస్తూనే ఉంటుంది. రిలీజ్ రోజున ఆ సవరణలన్నీ కలిపి ఇచ్చేదే డే వన్ ప్యాచ్. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశాక కార్డులు అచ్చయిపోతాయి, రంగులు మాత్రం ముందురోజు రాత్రిదాకా వేస్తూనే ఉంటారు కదా, అలాగన్నమాట. రంగులు మిగిలితే ఎవరూ ఏమీ అనుకోరు. నీళ్ల లైను వేయకుండా పాలు పొంగించమంటేనే గొడవ.

సరిచేసే దారే లేని రోజులు

ప్యాచ్‌లు రాకముందు గేములు బాగా పరీక్షించి వదిలేవాళ్లని పెద్దవాళ్లు అంటుంటారు. కొంతవరకు నిజమే, ఎందుకంటే తప్పు జరిగితే దిద్దుకునే అవకాశం లేదు. కానీ బగ్గుల్లేవని కాదు.

1980లో నామ్కో తెచ్చిన ప్యాక్‌మ్యాన్‌నే తీసుకోండి. ఎన్నో లెవెల్లో ఉన్నామనే అంకెని ఒకే ఒక్క బైటులో దాచారు. ఒక బైటులో 0 నుంచి 255 దాకానే పడుతుంది. 256వ లెవెల్‌కి వచ్చేసరికి అంకె తిరిగి సున్నా అవుతుంది, స్క్రీన్ కింద పండ్ల బొమ్మలు గీసే కోడ్ ఆ సున్నాతో తికమకపడి ఏడు పండ్లు గీసి ఆగాల్సింది పోయి 256 గీయడానికి దిగుతుంది, పండ్లు అయిపోయాక మెమరీలో ఏది దొరికితే అది గీస్తుంది. దాంతో స్క్రీన్ కుడి సగం అక్షరాలు, రంగుముక్కలతో నిండిపోతుంది. తినాల్సిన చుక్కలు సరిపడా దొరకవు, లెవెల్ పూర్తికాదు. దేశదేశాల్లో షాపుల్లో పెట్టేసిన మెషిన్లలో ఆ తప్పు అలాగే ఉండిపోయింది. అయితే అక్కడిదాకా చేరినవాళ్లు ఎంతమంది? చాలా కొద్దిమందే.

ఇంటర్నెట్ వచ్చాక కూడా కన్సోళ్లకి ప్యాచ్ ఫ్రీగా పంపే వీలు వెంటనే రాలేదు. 2012లో ఫెజ్ అనే చిన్న గేమ్‌కి మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360లో ఒక ప్యాచ్ వదిలితే కొద్దిమందికి, ఒక శాతం లోపే, సేవ్ ఫైళ్లు పాడయ్యాయి. దాన్ని సరిచేస్తూ ఇంకో ప్యాచ్ పంపాలంటే మైక్రోసాఫ్ట్‌కి వేల డాలర్లలో ఫీజు కట్టాలి. కొద్దిమందితో నడిచే ఆ స్టూడియో, అంత మాకు కుదరదు, ఆ ప్యాచ్ అలాగే ఉంటుందని చెప్పేసింది. తర్వాతి ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ ఫీజు తీసేసింది. ప్యాచ్‌ల మీద కోపంగా ఉన్నవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. పంపడం ఖరీదైతే తప్పులు తగ్గలేదు, ఉన్న తప్పులు ఉన్నట్టే మిగిలిపోయాయి.

టెస్టర్లకి దొరకనిది మీకెందుకు దొరుకుతుంది

"ఇంత పెద్ద కంపెనీ, ఈమాత్రం చూసుకోలేదా?" అని చాలామంది అడుగుతారు. ఒక చిన్న లెక్క వేద్దాం. అంకెలు నేను అనుకున్నవే, లెక్క అర్థం కావడానికి.

వందమంది టెస్టర్లు, అంటే రిలీజ్‌కి ముందే ఆడి తప్పులు వెతికేవాళ్లు, రోజుకి 8 గంటలు, ఏడాదిలో 250 రోజులు ఆడారనుకోండి. మొత్తం 2 లక్షల గంటలు. ఇప్పుడు గేమ్ రిలీజైంది, మొదటిరోజు 80 లక్షలమంది తలా ఒక గంట ఆడారు. 80 లక్షల గంటలు. టెస్టర్లు ఏడాదంతా ఆడినదానికి నలభై రెట్లు, ఒక్క గంటలో. లక్ష గంటలకి ఒక్కసారి మాత్రమే బయటపడే బగ్ ఉందనుకోండి, అది టెస్టర్లకి ఏడాది మొత్తంలో రెండుసార్లు కనబడుతుంది, రెండోసారి కూడా ఎలా వచ్చిందో మళ్లీ చేసి చూపించలేకపోవచ్చు. జనానికి మాత్రం మొదటి గంటలోనే 80 సార్లు కనబడుతుంది, అందులో పదిమంది వీడియో తీసి పెడతారు, సాయంత్రానికి ఊరంతా చూస్తుంది. దీనికి తోడు పీసీల్లో ఒక్కొక్కరి గ్రాఫిక్స్ కార్డు, దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్, ర్యామ్ ఒక్కోలా ఉంటాయి, అన్ని కాంబినేషన్లూ ఆఫీసులో పెట్టుకుని చూడటం ఎవరివల్లా కాదు.

ఈ లెక్క స్టూడియోల వైపు నిజంగా బలమైన వాదన. అరుదైన బగ్గులు రిలీజ్ తర్వాతే దొరుకుతాయి, వాటికి ప్యాచ్ తప్ప మార్గం లేదు. ది లెజెండ్ ఆఫ్ జెల్డా: టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్‌ని ఏడాదిపాటు వెనక్కి జరిపి నునుపు చేసి 2023 మేలో వదిలారు, ఇప్పటికీ దాన్ని శుభ్రంగా వచ్చిన గేమ్‌కి ఉదాహరణగా చెబుతారు. అందులోనూ ఒక వస్తువుని రెండు చేసుకునే కిటుకు జనం రోజుల్లోనే కనిపెట్టారు, నింటెండో అదే నెలలో ప్యాచ్‌తో మూసింది.

కానీ ఈ లెక్క అందరి కళ్ల ముందూ పదినిమిషాలకోసారి వచ్చే బగ్‌కి వర్తించదు. లక్ష గంటలకోసారి వచ్చేది దొరకలేదంటే నమ్ముతాం. ఆట మొదలైన అరగంటకే క్రాషయ్యేది దొరకలేదంటే ఎలా నమ్మేది? అది దొరికే ఉంటుంది, తెలిసే వదిలారు.

సైబర్‌పంక్ 2077లో ఏం జరిగింది

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ ఇదే. పోలండ్ రాజధాని వార్సాలోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ స్టూడియో ఈ గేమ్‌ని 2012లోనే ప్రకటించింది. రిలీజ్ తేదీ మొదట 2020 ఏప్రిల్ 16, తర్వాత సెప్టెంబర్ 17, తర్వాత నవంబర్ 19. అక్టోబర్ 5న గోల్డ్ అయ్యిందని ప్రకటించారు, అంటే ఇక వాయిదా ఉండదని జనం అనుకున్నారు, మూడు వారాలు దాటగానే మళ్లీ డిసెంబర్ 10కి జరిపారు. ఉద్యోగులని బలవంతంగా ఎక్కువ గంటలు పనిచేయించబోమని అంతకుముందు ఏడాది మాటిచ్చిన యాజమాన్యమే సెప్టెంబర్ చివర్లో వారానికి ఆరు రోజుల పని పెట్టింది.

రిలీజ్ నాటికి 80 లక్షల ప్రీ ఆర్డర్లు, అంటే చూడకుండానే డబ్బు కట్టినవాళ్లు. రివ్యూ రాసేవాళ్లకి ముందుగా ఇచ్చింది పీసీ కాపీ మాత్రమే. బలమైన పీసీలో బగ్గులున్నా ఆట అందంగానే నడిచింది. అప్పటికే ఏడేళ్ల వయసున్న పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్‌లలో ఎలా ఉంటుందో కొనేవాళ్లెవరికీ చూపించలేదు. పెట్టె తెరిచాక తెలిసింది. బండి నడుపుతుంటే ముందున్న రోడ్డు ఆలస్యంగా గీసుకుంటూ రావడం, మనుషులు ముద్దల్లా ఉండటం, ఆట మధ్యలో ఆగిపోయి కన్సోల్ మెనూకి వెళ్లిపోవడం. వారం తిరిగేసరికి పీఎస్4 తయారుచేసే సోనీ తన స్టోర్ నుంచే గేమ్‌ని తీసేసి అడిగినవాళ్లకి డబ్బు వెనక్కిస్తామంది. ఇంత పెద్ద గేమ్‌కి అలా జరగడం చాలా అరుదు. మళ్లీ స్టోర్‌లోకి వచ్చింది 2021 జూన్ 21న.

పాత కన్సోళ్లలో ఇంకా టైమ్ కావాలనే సంకేతాల్ని పట్టించుకోలేదని కంపెనీ పెద్దలే డిసెంబర్‌లో ఇన్వెస్టర్లతో జరిగిన కాల్‌లో ఒప్పుకున్నారు. మరి సోనీ, మైక్రోసాఫ్ట్ ముందే పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తాయి కదా, వాళ్లెలా పాస్ చేశారు? రిలీజ్‌లోపు సరిచేస్తామన్న నమ్మకంతో వదిలి ఉంటారని అదే కాల్‌లో సమాధానం వచ్చింది. నాకు ఈ మొత్తం కథలో బాధ కలిగించే మాట అదే. "తర్వాత సరిచేయొచ్చు" అనే వెసులుబాటు ఉండటంవల్లే మధ్యలో ఆపాల్సిన గేటు కూడా తెరుచుకుంది.

ఇక లోపలి బగ్గుల్లో ఒకటి దగ్గర్నుంచి చూడండి. పీసీలో సేవ్ ఫైలు 8 ఎంబీ దాటితే పాడయ్యేది. ఆ సైజు ఎవరికి దాటుతుంది? ఆటని ప్రేమించి, ప్రతి సందూ తిరిగి, దొరికిన ప్రతి వస్తువునీ ఏరుకుని, తయారుచేసుకుని దాచుకున్నవాళ్లకి. పైపైన ఆడినవాళ్లకి ఏమీ కాలేదు. వస్తువులు తక్కువ పెట్టుకోండని మొదట సలహా ఇచ్చారు, డిసెంబర్‌లోనే ఆ హద్దు తీసేస్తూ ప్యాచ్ వచ్చింది. కానీ అప్పటికే పాడైన ఫైళ్లు తిరిగి రాలేదు. ప్యాచ్ ముందుకే పనిచేస్తుంది, పోయిన యాభై గంటల్ని వెనక్కి తేదు.

2021 జనవరిలో 1.1 ప్యాచ్ వచ్చింది. అది ఒక ముఖ్యమైన మిషన్‌లో కొత్త చిక్కు తెచ్చిపెట్టింది, టకెమురా అనే పాత్ర ఫోన్ చేసి ఏమీ మాట్లాడడు, కాల్ కట్ కాదు, కథ ముందుకి కదలదు. దానికి వెంటనే ఇంకో చిన్న ప్యాచ్. హడావుడిగా సరిచేస్తే ఒకటి కట్టగానే ఇంకొకటి ఊడుతుంది, ప్రోగ్రామర్లకి ఇది రోజూ తెలిసిన బాధే.

ఇంత జరిగినా 2020 చివరికల్లా కోటీ 37 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. తర్వాత మూడేళ్లు వదలకుండా పనిచేశారు, 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 2.0 అప్‌డేట్, వెంటనే వచ్చిన ఫాంటమ్ లిబర్టీ భాగంతో ఆట అద్భుతంగా తయారైంది, ఇప్పుడు కొత్తగా ఆడేవాళ్లకి అప్పటి గొడవ ఏంటో అర్థం కూడా కాదు. అయితే ఆ 2.0 పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్, పీసీలకే వచ్చింది. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్‌లకి పెద్ద అప్‌డేట్లు 2022లో వచ్చిన 1.6తో ఆగిపోయాయి. అంటే ఎవరైతే అందరికంటే ఎక్కువ నష్టపోయారో సరిగ్గా వాళ్లదాకా ఆ పూర్తి సవరణ రాలేదు.

ముందే చెప్పి అమ్మితే

బల్డర్స్ గేట్ 3ది ఇంకో దారి. బెల్జియంలోని లారియన్ స్టూడియో 2020 అక్టోబర్‌లో దీన్ని ఎర్లీ యాక్సెస్‌లో పెట్టింది. ఇది సగం కట్టిన ఇల్లు, మొదటి అంకమే ఉంది, బగ్గులుంటాయి, ఇష్టమైతేనే కొనండి అని రాసి మరీ అమ్మింది. ధర తక్కువేం కాదు, పూర్తి ధరే. అయినా జనం కొన్నారు, ఆడారు, తప్పులు పంపారు, దాదాపు మూడేళ్లు అలా సాగి 2023 ఆగస్టు 3న పూర్తి గేమ్ వచ్చింది. అదే నెలలో మొదటి పెద్ద ప్యాచ్ వచ్చింది, అందులో సవరణలు వెయ్యికి పైగా.

వెయ్యి! ఆ సంఖ్య ఒక్కటే చూస్తే అదీ పాడుబడ్డ గేమే అనాలి. కానీ జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు, ఎందుకంటే ఆడిన అనుభవం నిలబడింది, కొన్నవాళ్లకి ఏం కొంటున్నారో ముందే తెలుసు. అందుకే బగ్గుల సంఖ్య పెట్టుకుని వాదించడం దండగనిపిస్తుంది నాకు.

చిన్న స్టూడియోలకైతే ఎర్లీ యాక్సెస్ అనేది అక్షరాలా జీతాల డబ్బు. ఐదుగురు కలిసి మూడేళ్లు గేమ్ చేస్తుంటే మధ్యలో అద్దెలు ఎవరు కడతారు? ముందు కొన్నవాళ్లే కడతారు. పూర్తయ్యేదాకా అమ్మొద్దని రూల్ పెడితే పెద్ద కంపెనీలు ఎలాగో నెట్టుకొస్తాయి, ఈ ఐదుగురే మూసేసుకుంటారు.

మాటిచ్చినవాళ్లే మాయమైతే

"తర్వాత బాగుచేస్తాం" అనేది అప్పు లాంటిది. తీర్చిన కథలే మనకి ఎక్కువ వినబడతాయి. నో మ్యాన్స్ స్కై 2016లో వచ్చినప్పుడు బగ్గులకంటే చెప్పినవి లేకపోవడం మీద తిట్లు తింది, ఇంగ్లండ్‌లోని ఆ చిన్న స్టూడియో ఏళ్లతరబడి ఫ్రీ అప్‌డేట్లిస్తూ పోయింది, ఇప్పుడు అందరూ దాన్నే చూపిస్తారు.

తీర్చనివీ ఉన్నాయి. 2019లో వచ్చిన ఆంథెమ్‌ని మొత్తం మార్చి కడతామన్నారు, 2021 ఫిబ్రవరిలో ఆ పని ఆపేశారు, 2026 జనవరి 12న సర్వర్లు మూసేస్తామని దాన్ని అమ్మిన ఈఏ కంపెనీ 2025లో ప్రకటించింది. ఇంటర్నెట్ లేకుండా నడవని ఆట కాబట్టి సర్వర్ పోతే డిస్క్ ఉన్నా లాభం లేదు. 2023లో వచ్చిన రెడ్‌ఫాల్ సంగతైతే మరీ దారుణం, దాన్ని చేసిన ఆర్కేన్ ఆస్టిన్ స్టూడియోనే మైక్రోసాఫ్ట్ ఏడాదికల్లా మూసేసింది. చివరి ప్యాచ్‌తో ఇంటర్నెట్ లేకుండా ఆడే వీలు మాత్రం ఇచ్చి వెళ్లారు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య అన్నట్టు, మొదటి వారం అమ్మకాలయ్యాక ప్యాచ్‌ల మీద డబ్బు పెట్టాలా వద్దా అన్నది పూర్తిగా కంపెనీ ఇష్టం. కొన్నవాడి చేతిలో ఏ కాగితమూ ఉండదు.

ధర సంగతీ ఉంది. మొదటిరోజు పూర్తి ధర పెట్టి కొన్నవాడికి అన్నిటికంటే పాడైన కాపీ దక్కుతుంది, రెండేళ్లాగి సేల్‌లో కొన్నవాడికి సగం ధరకే బాగుచేసిన ఆట వస్తుంది. ఆగితే సరిపోదా అంటారు. తెలిసినవాళ్లు ఆగుతారు, నిజమే. కానీ అందరూ ఆగితే మొదటి వారం అమ్మకాలు చూసి ఆ గేమ్‌నే వదిలేసుకుంటారు.

డబ్బు వెనక్కి అడగొచ్చా

పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో 2015 నుంచీ రీఫండ్ ఉంది. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపైతే కారణం చెప్పక్కర్లేదు. ఇది మంచి ఏర్పాటే గానీ అరవై గంటల ఆటలో ఇరవయ్యో గంటకి తలుపు తెరుచుకోకపోతే పనికిరాదు. ప్లేస్టేషన్ స్టోర్‌లో మామూలుగా డౌన్‌లోడ్ మొదలుపెడితేనే రీఫండ్ అవకాశం పోతుంది. డౌన్‌లోడ్ చేయకుండా బగ్ ఉందో లేదో ఎలా తెలుస్తుందో మరి.

యూరప్‌లో 2022 నుంచి అమలవుతున్న డిజిటల్ వస్తువుల నిబంధనల ప్రకారం అమ్మినది చెప్పినట్టు పనిచేయకపోతే సరిచేయాలి, కుదరకపోతే ధర తగ్గించడమో డబ్బు వెనక్కివ్వడమో చేయాలి. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపమున్న వస్తువు, లోపమున్న సేవ అనే మాటలున్నాయి, గేముల ఊసు ప్రత్యేకంగా లేదు. సైబర్‌పంక్ మీద అమెరికాలో నడిచిన పెద్ద కేసు 18.5 లక్షల డాలర్లకి రాజీ అయ్యింది. ఆ డబ్బు ఆట కొన్నవాళ్లకి కాదు, కంపెనీ తమని తప్పుదోవ పట్టించిందని కేసు వేసిన షేర్లు కొన్నవాళ్లకి.

నన్నడిగితే బగ్గుల్లేకుండా రావాలనడం జరిగే పని కాదు. అడగాల్సింది ఇంకా చిన్నది. నేను కొనే మెషిన్‌లోనే ఆట ఎలా నడుస్తుందో డబ్బు కట్టకముందే చూపించాలి, దారి మూసేసే బగ్గులు తెలిసినవి ఉంటే రాసి పెట్టాలి, డిస్క్ అమ్మితే ఆ డిస్క్‌తోనే ఆట చివరిదాకా వెళ్లేలా ఉండాలి. ఈ మూడోది కన్సోల్ కంపెనీలు సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడే పట్టుబట్టొచ్చు. ఎప్పటికైనా అప్‌డేట్ సర్వర్లు ఆగిపోయిన రోజున మిగిలేది డిస్క్ మీద అచ్చయిన మొదటి వెర్షనే, ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా ఈ ఆటల్ని బయటికి తీస్తే వాళ్లకి కనబడేది అదే.

మావాడు పండగయ్యాక పీఎస్4ని బ్యాగులో పెట్టుకుని బస్సెక్కి హైదరాబాద్‌లో మా ఇంటికొచ్చాడు. రాత్రంతా మా వైఫై మీద పెడితే తెల్లారేసరికి అప్‌డేట్ అయ్యింది. పళ్లు కూడా తోముకోకుండా కూర్చుని ఆ మిషన్ తెరిచాడు. తలుపు తెరుచుకుంది.